మలికానుపు: కర్తృత్వ విచారము

తొలికానుపున నొప్పులు మొదలై, జాములు గడచి, తుదకు లోపలి బిడ్డ గుండె చప్పుడు మందగించుట చేతనో, కానుపు ముందునకు సాగక నిలిచిపోవుట చేతనో, అర్ధరాత్రమున హుటాహుటిని ఆపరేషను బల్లపైకి చేర్పబడి బిడ్డను పొందిన స్త్రీ మరల గర్భవతి యైనప్పుడు ఆమె యెదుట నిలుచు ప్రశ్న పైకి కేవలము వైద్యశాస్త్రమునకు సంబంధించినదిగా కానవచ్చును. ఈమారు సహజముగా కనవచ్చునా, లేక కోతయే శరణ్యమా? దీనికి వైద్యులు చెప్పవలసిన సమాధానము కలదు. దానిని వారు లెక్కలతో చెప్పగలరు కూడ. కాని ఆ లెక్కలన్నియు విన్న పిమ్మటను ఆమె మనస్సున మిగిలియుండునది వేఱొక ప్రశ్న. ప్రసవమను ఈ మహాకార్యమునకు కర్త యెవరు? తానా, వైద్యుడా, దైవమా? తొలిమారు జరిగినది తన లోపమా, పూర్వకర్మ ఫలమా, లేక ఈశ్వరుని రక్షణయా? మలిమారు తాను పూనుకొనుట ధైర్యమా, అహంకారమా? వేదాంతులు శతాబ్దములుగా తర్కించిన ప్రశ్నయే ఇది. ఆ స్త్రీకి మాత్రము దీనిని తర్కించుటకు తొమ్మిది నెలల గడువే కలదు.

మన తెలుగునాట ఇది ఏ కొందఱి యిండ్లకో పరిమితమైన విచారము కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి దేశమంతట నూటికి 21.5 కానుపులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 ఆ విధముగ జరిగినవి. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులలో నైతే ఆ సంఖ్య 81.5. ఆ సర్వేలో దేశమునందలి రాష్ట్రములలో తెలంగాణదే ఈ విషయమున అగ్రస్థానము. ఒక జనసముదాయమున ఇట్టి కానుపులు నూటికి 10 దాటిన పిమ్మట, ఆ పెరుగుదల వలన తల్లుల మరణములు గాని శిశువుల మరణములు గాని తగ్గుట లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించియున్నది. పెద్దాపరేషనుతో తొలిచూలు కలిగిన యిండ్లు ఇన్ని యుండగా, మలిచూలు నాటికి ఈ విచారమును తప్పించుకొనగల వాడ యొక్కటియు మనకు లేదు.

మొట్టమొదట ఒక సంకోచమును తొలగింపవలసియున్నది. గర్భిణి నమస్కరించినప్పుడు సుఖప్రసవమగుగాక యని దీవించుట మన పెద్దల అలవాటు. ఆ దీవెన ఫలింపనిచో ఏదో పుణ్యము తక్కువైనదను భావము ఎవరును పైకి అనకుండగనే ఇంటిలో పొగవలె వ్యాపించును. శస్త్రముతో వెలికి వచ్చిన పుట్టుకకు శాస్త్రదృష్టిలో న్యూనత కలదా? ఋగ్వేదము నాలుగవ మండలమున పదునెనిమిదవ సూక్తమున ఆశ్చర్యము గొలుపు సంవాద మొకటి కలదు. దేవతలందఱును పుట్టిన ప్రాచీనమార్గముననే పుట్టవలసినదని చెప్పగా, గర్భస్థుడైన ఇంద్రుడు ఆ దారి దుర్గమమనియు, తాను పార్శ్వము నుండి అడ్డముగా వెలువడెదననియు బదులు పలుకును. యువనాశ్వుని ప్రక్కను చీల్చుకొని పుట్టిన మాంధాత కథ భారత భాగవతములు రెంటను కలదు. ఆ పుట్టుక వలన కన్నవాడు మరణింపను లేదు, పుట్టినవాని చక్రవర్తిత్వమునకు కొఱత రానూ లేదు. మాయాదేవి కుడిప్రక్క నుండి బోధిసత్త్వుడు అవతరించెనను బౌద్ధుల విశ్వాసమును మన కృష్ణాతీరపు అమరావతి శిల్పులు పాలరాతి వన్నె సున్నపురాతిపై చెక్కిరి. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్న ఆ ఫలకమున శిశువు కానరాడు. చెట్టుకొమ్మను పట్టుకొని నిలిచిన తల్లి ప్రక్కన, దేవతలు చాచి పట్టుకొన్న పొడవైన వస్త్రముపై చిన్ని పాదముద్రలు మాత్రము కానవచ్చును. ఇవి యన్నియు అలౌకిక జన్మలు. వీనిని నేటి శస్త్రచికిత్సకు ప్రమాణముగా చూపుట నా యుద్దేశము కాదు. పవిత్రతను కొలుచుటకు పుట్టిన దారిని కొలబద్దగా మన పూర్వులు గ్రహింపలేదని చూపుట వఱకే వీని ప్రయోజనము.

దీనికి ప్రతిగా చెప్పదగిన వాక్యము గర్భోపనిషత్తున కలదని కొందఱందురు. గర్భమునందలి జీవుడు పూర్వజన్మలను తలపోసికొనుచు, ఈమారు బయటపడినచో భగవంతుని ఆశ్రయించెదనని సంకల్పించుననియు, యోనిద్వారమున యంత్రమున బడినట్లు పీడింపబడి పుట్టినంతనే వైష్ణవవాయువు సోకి ఆ స్మృతి నంతటిని కోల్పోవుననియు ఆ యుపనిషత్తు చెప్పుచున్నది. శ్రీవైష్ణవులు ఆ వాయువును శఠ మందురు. నమ్మాళ్వారు పుట్టుకతోడనే దానిని ధిక్కరించినందున శఠకోపులైరని వారి సంప్రదాయము. మన విష్ణ్వాలయములలో అర్చకులు భక్తుల శిరస్సులపై నుంచు శఠగోపము ఆయన పేరిటిదే. ఇరుకుదారి గుండ రాని శిశువునకు ఈ క్రమమున ఏదో లోపించెనేమో యని కలతపడు వృద్ధులను నేనెఱుగుదును. వారి శ్రద్ధను నేను గౌరవింతును. కాని ఉపనిషత్తు అచట వర్ణించినది జీవుని విస్మృతిని. ప్రసవవిధానములకు తారతమ్యము నిర్ణయించుట దాని పని కాదు. కోతతో పుట్టిన బిడ్డయు అందఱివలెనే ఏడ్చి, అందఱివలెనే అంతయు మఱచి, ఆకలికి పాలు వెదకికొనుచునే ఈ లోకమున పడుచున్నది.

ఇక సుశ్రుతుడు. ప్రసవకాలమున తల్లి మరణించి కుక్షి యింకను కదలుచున్నచో వైద్యుడు తత్క్షణమే కడుపు కోసి శిశువును తీయవలెనని నిదానస్థానమున విధించినవాడాయన. చికిత్సాస్థానమున మూఢగర్భప్రకరణమునకు వచ్చునప్పటికి ఆయన కంఠస్వరమే మాఱును: ఇంతకంటె కష్టమైన శల్యోద్ధరణము వేఱొకటి లేదనియు, అందుచేత ప్రభువు అనుమతిని పొంది మిక్కిలి ప్రయత్నముతో పూనుకొనవలెననియు హెచ్చరించును. తల్లి బ్రతికియుండగా కోసి, తల్లిని బిడ్డను ఇరువురిని నిలుపుట ఆనాటి వైద్యునకు స్వప్నమున నైన సాధ్యము కాదు. అట్టి విద్య మన కాలమున సాధ్యమైనది. దాని వలన ప్రాణము దక్కిన స్త్రీ తన పొట్టపై గీతను చూచుకొని సిగ్గుపడుట కంటె అన్యాయము వేఱుండదు.

మఱి మలికానుపు మాట. “మొదటిది ఆపరేషనయితే రెండోదీ ఆపరేషనే” యను మాట మన యిండ్లలో వేదవాక్యమైనది. దీనికి మూలమైన మాటను 1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ వ్రాసెను. అతడు దానిని తొలికోతను అనవసరముగా కోయవలదని తోటివైద్యులను హెచ్చరించుటకే వ్రాసెను. ఆనాటి కోత గర్భాశయపు పైభాగమున నిలువుగా నుండెడిది, అది చిట్లుటకు అనువైన చోటు. తరువాత మన్రో కెర్ మొదలగువారు క్రిందిభాగమున అడ్డముగా కోయుటను వ్యాప్తికి తెచ్చిరి. నేడు సాధారణముగా జరుగునది అదియే. అట్టి కోత యొక్కటి మాత్రమే కలిగిన స్త్రీలు సహజప్రసవమునకు యత్నించినచో నూటికి 72 నుండి 75 మందికి అది నెఱవేఱుననియు, అంతకుముందే ఒకమారు సహజముగా కన్నవారికి 85 నుండి 90 మందికి నెఱవేఱుననియు బ్రిటన్ ప్రసూతివైద్యుల రాయల్ కాలేజి చెప్పుచున్నది. పాతకుట్లు విడిపోవునను భయము నిరాధారము కాదు. 200 మందిలో ఒకరికి అట్లు జరుగును. మందులతో నొప్పులు తెప్పించినచో ఆ ప్రమాదము రెండు మూడు రెట్లగును. నిలువుకోత కలవారును, పూర్వమొకమారు గర్భాశయము చిట్లినవారును, మాయ ద్వారమునకు అడ్డముగా నున్నవారును ఈ యత్నమునకు పూనుకొనరాదు. మఱల మఱల కోసికొనుటయు నిరపాయము కాదు: మాయ అడ్డుపడిన స్త్రీలలో అది పాతకోతలోనికి చొచ్చుకొనిపోవుట రెండవ ఆపరేషను నాటికి నూటికి 11 మందియందును, మూడవదాని నాటికి 40 మందియందును కానవచ్చెనని అమెరికాలో జరిగిన ఒక విస్తృత పరిశీలన తెలిపినది. ముగ్గురు బిడ్డలను కోరు స్త్రీ లెక్క వేఱు, ఇద్దఱితో చాలించుకొను స్త్రీ లెక్క వేఱు. తొలికోతకు కారణ మేమను ప్రశ్నయు ముఖ్యమే. బిడ్డ ఎదురుకాళ్ళతో నుండుటయో, ఆ రాత్రి గుండె చప్పుడు తగ్గుటయో కారణమైనచో అది మఱల జరుగవలెనను నియమము లేదు.

మా చెల్లెలి కూతురు రెండవమారు గర్భవతియై నా వద్దకు వచ్చినప్పుడు ఈ లెక్కలన్నియు ఆమెకు నాకంటె బాగుగ తెలిసియుండెను. ఆమె నాకు తన కోతను చూపినది. బొడ్డునకు చాల దిగువ, చీరకుచ్చెళ్ళు దోపుకొను చోటునకు క్రిందుగా, జానెడు పొడవున లేత ఊదారంగు గీత. దానికి పైగా అరచేతి వెడల్పున, గిల్లినను తెలియని తిమ్మిరి. “పెద్దమ్మా, తల్లీ బిడ్డా క్షేమం, అదే పదివేలు అన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ రాత్రి నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. సంతకం కూడా ఆయన చేత పెట్టించుకున్నారు. కడుపు నాది గదా?” అని ఆమె యనినది. బిడ్డ గుండె చప్పుడు పడిపోవుచున్న ఆ నిమిషములలో వైద్యులు త్వరపడిరనిన అది వారి ధర్మము. త్వరపడకున్న నేడు ఆ పిల్లవాడు నా ముంగిట ఆడుకొనుచుండడు. అయినను ఒక్క వాక్యము చెవిలో చెప్పుటకు ఎంత కాలము పట్టును? క్షేమమనుమాట నిజమే, కాని ఆ మాటతో ఆమె నోటిని మూసినవారు ఆమెకు ఊరట కలిగింపలేదు. ఆమె వగచుచున్నది కోతకు కాదని, తాను ఆ కార్యమున లేకుండ పోవుటకని, నాకు తోచినది.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ఏ కర్మకైనను ఐదు కారణములను చెప్పెను: అధిష్ఠానము, కర్త, నానావిధములైన కరణములు, వేర్వేఱు చేష్టలు, ఐదవది దైవము. శరీరముతో గాని వాక్కుతో గాని మనస్సుతో గాని చేయు ప్రతి కర్మకు, అది న్యాయ్యమైనను కాకున్నను, ఈ యైదును హేతువులు. ఇట్లుండగా తానొక్కడనే కర్తనని తలచువాడు సరిగా చూడలేనివాడని భగవానుని తీర్పు. ప్రసవమునకు దీనిని అన్వయించుకొనుడు. అధిష్ఠానము ఆ శరీరము, దానిపై మానిన గాయముతో కూడ. కరణములు మంత్రసాని చేతులు మొదలు బిడ్డ గుండెను చెవికి వినిపించు యంత్రము వఱకు, సిద్ధముగా నుంచిన నెత్తురు వఱకు. చేష్టలు ఆ నొప్పులు, ఆ యూపిరి, ఆ అడుగులు. ఇందులో ఏ యొక్కటి తక్కువైనను ఫలము మాఱును. “నేను నొప్పులు పడి కన్నాను” అని మీసము దువ్వినట్లు చెప్పుకొను తల్లియు, “నావల్ల కాలేదు” అని తల వంచుకొను తల్లియు ఈ దృష్టిలో ఒకే పొరపాటున ఉన్నారు. ఇరువురును ఐదింటిలో ఒకదానిని పట్టుకొని తక్కిన నాలుగింటిని మఱచిరి. గర్వమునకును లజ్జకును వేరొక్కటే యని నేను నమ్ముదును. తొలికోత కలిగిన స్త్రీకి శాస్త్రము ఇయ్యగల ఊరటలలో దీనికి మించినది నాకు కానరాలేదు.

అయితే కర్త ఐదింటిలో ఒక్కటి యనుట కర్త లేదనుట కాదు. ఆమెను ఆ లెక్కనుండి తీసివేసిన పాపము మనదే. భర్త, అత్త, వైద్యుడు, జ్యోతిష్కుడు కూర్చుండి నిశ్చయింపగా, నడుమ ఆ చూలాలు ఒక పాత్రవలె నుండును. జ్యోతిష్కుని మాట వచ్చినది కనుక చెప్పెదను. ముహూర్తము చూచి కోయించు ఆచారము మన ప్రాంతమున ఈ ముప్పది నలువది యేండ్లలో వేళ్ళూనినది. పుంసవనమునకు ముహూర్తము కలదు, సీమంతమునకు కలదు, పుట్టిన పిమ్మట జాతకర్మ నామకరణములు కలవు. కాని పుట్టుక క్షణమునే నిర్ణయించు సంస్కారము షోడశసంస్కారములలో లేదు. పారస్కర గృహ్యసూత్రమున ప్రసవించుచున్న స్త్రీపై నీరు చిలుకరించి కానుపు సులభమగునట్లు ప్రార్థించు కర్మ యొకటి కలదు. అదియు నొప్పులు వచ్చిన పిమ్మటనే. మంత్రము నొప్పులకై వేచియున్నది, నొప్పులు మంత్రమునకై కాదు. జాతకమనునది జీవుడు కూడబెట్టుకొని వచ్చిన కర్మను చూపు అద్దమని నమ్మువారు, కత్తితో కాలము మార్చి ఆ అద్దమునందు మేలైన ముఖమును చూడగోరుట వారి నమ్మకమునకే విరుద్ధము. అది యట్లుండగా, 39 వారములు నిండకముందే ముహూర్తము పేరిట తీయబడిన బిడ్డ ఊపిరికి ఎగరోజుచు గాజుపెట్టెలో పండుకొనుట మనము చూచుచున్నదే. ఈ విషయమున నాకు సహనము లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మలికానుపున యత్నించు స్త్రీ ప్రయత్నమును నమ్ముకొన్నదా, శరణాగతిని నమ్ముకొన్నదా? శ్రీవైష్ణవాచార్యులు ఈ సంశయమును రెండు న్యాయములతో వివరించిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొని వ్రేలాడును. పిల్లికూన ఏ ప్రయత్నమును చేయదు, తల్లియే నోట కఱచుకొని దానిని చేర్చును. జీవుని ప్రయత్నము కావలెనను వడగలవారు మొదటి దానిని, భగవత్కృప చాలునను తెంగలవారు రెండవదానిని చేపట్టిరి. ఆ శాఖాభేదమును తీర్చుట నా తరము కాదు. కాని పురిటిగదిలో ఈ రెండును ఒకే రాత్రి ఒకే దేహమున సంభవించుట చూడగలము. నొప్పి వచ్చినప్పుడెల్ల మంచపు కమ్మిని పట్టుకొని, ఊపిరి బిగబట్టక విడుచుచు, మరల నొప్పికై సిద్ధపడు స్త్రీ కోతిపిల్లయే. బిడ్డ గుండె చప్పుడును చూపు కాగితపు చుట్టపై గీత దిగజాఱి, వైద్యురాలు ఇక చాలునన్న క్షణమున, ఆ కమ్మిని వదలి తన్ను తాను ఇతరుల చేతుల కప్పగించు స్త్రీ పిల్లికూన. మొదటిది నేర్చినవారు మనలో చాలమంది. రెండవది మాత్రమే నేర్చినవారును కలరు. పట్టుటను, వదలుటను, రెంటిని ఎఱిగి, ఏది ఎప్పుడో ముందుగా తెలియకయే ఆ గదిలో అడుగిడుట నా దృష్టిలో ఏ తపస్సునకును తీసిపోదు. కోతకు సిద్ధపడకుండ చేయు యత్నము మూర్ఖత. యత్నమునకు తావీయని కోత, కారణము లేనప్పుడు, ఆమెపై జరుగు అన్యాయము.

కరణములను గూర్చి రెండు మాటలు చెప్పక తీఱదు, ఏలనన స్త్రీ ధైర్యమొక్కటే చాలునని ఉపన్యసించువారు ఆమెను ప్రమాదమున త్రోయుచున్నారు. ఏ వేళనైనను కొలది నిమిషములలో కోయగల వైద్యులు, మత్తు ఇచ్చువారు, నెత్తురు, బిడ్డ గుండెను ఎడతెగక కనిపెట్టు దాది కలిగిన చోటనే ఈ యత్నము ధర్మ్యమగును. ఇంటిలో కాదు, రాత్రి మత్తుడాక్టరు ఇంటికి వెళ్ళిపోవు నర్సింగుహోములో కాదు. మన ప్రైవేటు ఆస్పత్రులలో ఎందఱో వైద్యులు ఈ యత్నమును నిరాకరించుటకు వారి దుర్బుద్ధియే కారణమనుట న్యాయము కాదు. ఒంటరిగా ఆస్పత్రి నడుపు వైద్యురాలు రాత్రి తెల్లవార్లు ఒక్క స్త్రీ ప్రక్కన కూర్చుండలేదు. తెలంగాణ ప్రభుత్వము 2017 నుండి నర్సులకు మంత్రసానివిద్యలో ప్రత్యేకశిక్షణ నిప్పించుచున్నది. పురుడు పోయువారి నేర్పును చులకనగా చూచి పోగొట్టుకొన్న దేశమునకు ఇది చేయవలసిన పనియే. స్త్రీకి ఎంపిక కలదని చెప్పి, ఆ యెంపికకు కావలసిన మనిషిని, మంచమును సమకూర్పని సమాజము ఆమెకు ఇచ్చినది వట్టి మాట.

ఇంతయు విని మా పిల్ల తోడికోడలు తనకు మరల ఆపరేషనే కావలెననినది. ఆమెకు తొలికానుపు రెండు రాత్రులు సాగినది. ఆ గది వాసన తలపునకు వచ్చినచో ఇప్పటికిని చేతులు వణకునట. ఆమె కోరుచున్నది ఇద్దఱు బిడ్డలే, ముందున్న రెండవ బిడ్డతో ఆమె లెక్క పూర్తి. కన్నులు తెఱచి, తెలిసికొని, తన నోటితో చెప్పిన ఆ నిశ్చయమున నాకు పిఱికితనము కానరాలేదు. మనుష్యుని భయముకూడ అధిష్ఠానమునందలి భాగమే. దానిని లెక్కింపక బోధించు ధర్మము ఎవరికిని అక్కరకు రాదు.

తొమ్మిదవ నెల ప్రవేశించిన పిమ్మట మా చెల్లెలి కూతురితో నేనును ఆస్పత్రికి వెళ్ళితిని. వైద్యురాలు పాత కాగితములను తిరగవేసి, కోత అడ్డుకోతయే యని నిర్ధారించుకొని, అలవాటు చొప్పున అత్తగారి వంక తిరిగి, “ఏమనుకుంటున్నారమ్మా?” అని అడిగెను. ఆవిడ నోరు తెఱచునంతలో కోడలే పలికినది. “నొప్పులు వాటంతట అవి వస్తే కంటానండీ, మందులతో తెప్పించొద్దు. నలభై ఒక్క వారాలు దాటితే కోసెయ్యండి. మధ్యలో మీరు చాలనుకున్నా సరే. కానీ కోసే ముందు నాకు చెప్పండి, సంతకం నేనే పెడతాను.” అత్తగారు కొంతసేపు కోడలిని చూచి, తరువాత వైద్యురాలితో “అది చెప్పినట్టే రాసుకోండమ్మా” అనినది. వైద్యురాలు చీటీని ముందుకు లాగికొని, ఆ మాటలను ఆ వరుసలోనే వ్రాసికొనెను.